‘జర్మనీలో ఇంగ్లీషు చాలు’ అన్న మాట నమ్మకండి

జర్మనీ ప్రయాణమవుతున్న మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “అక్కడ ఇంగ్లీషు చాలు. ఆఫీసులో జర్మన్ అక్కర్లేదు, బయట ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఉంది. తెలుగువాళ్ళకి ఆ భాష ఎలాగూ ఎక్కదు. ఉండగా ఉండగా అదే వస్తుంది.” వీసా పనులతో, బ్లాక్డ్ అకౌంటు (అక్కడి ఖర్చులకి ముందే డబ్బు జమచేసి చూపాల్సిన ఖాతా) డబ్బుల వేటతో అలసిపోయినవాళ్ళకి ఇది చల్లటి కబురు. ఇక్కడికి వచ్చి తడబడుతున్న పిల్లల్ని ఏటా చూస్తున్నాను కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెప్తాను.

“ఆఫీసులో అక్కర్లేదు.” బెర్లిన్, మ్యూనిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావాటిలో నిజమే. కానీ నర్సులకీ డాక్టర్లకీ ఇది వర్తించదు. డాక్టరుగా పూర్తి లైసెన్సు కావాలంటే వైద్య జర్మన్‌లో విడిగా పరీక్ష నెగ్గాలి. సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి కూడా లెక్క ఉంది: బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి) ఉన్నవాళ్ళకి మిగతా షరతులు కుదిరితే ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు జర్మన్‌తో 27 నెలలకి శాశ్వత నివాసం దొరుకుతుంది, మూడో మెట్టు బి1 ఉంటే 21 నెలలకే. పౌరసత్వానికి మామూలుగా బి1 ఉండాల్సిందే.

“ట్రాన్స్‌లేటర్ ఉంది.” ఉత్తరాలకి పనికొస్తుంది, కాదనను. ఇక్కడ ప్రభుత్వ కార్యాలయాల భాష జర్మన్ అని చట్టంలోనే ఉంది, ఉత్తరాలన్నీ అందులోనే వస్తాయి. అయితే ఏ ఉత్తరం ఇవాళే చదవాలో, ఏది రేపటిదాకా ఆగుతుందో తెలియాలిగా? ‘ఫ్రిస్ట్’ అంటే గడువు. ‘మానుంగ్’ అంటే బాకీ కట్టమన్న హెచ్చరిక. పసుపు కవరులో కోర్టు నుంచి ‘మాన్‌బెషైడ్’, అంటే బాకీ కట్టమన్న ఉత్తర్వు వస్తే అభ్యంతరం చెప్పడానికి రెండే వారాలు. ఆ కవరు సెలవుల్లో పోస్టు డబ్బాలో పడి ఉంటే ఫోన్ ఏం చేస్తుంది?

నా సంగతే చెప్తాను. కొత్తలో ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే ‘హాల్ప్ నోయిన్’కి రమ్మన్నారు. హాల్ప్ అంటే సగం, నోయిన్ అంటే తొమ్మిది, తొమ్మిదిన్నర అనుకుని వెళ్ళాను. తొమ్మిదికి అరగంట తక్కువ, అంటే ఎనిమిదిన్నర అట. అపాయింట్‌మెంటు పోయింది. ఇక డాక్టరు ముందు కూర్చున్నాక నొప్పి ఎలాంటిదని అడుగుతారు. మనకి పోటు, సలుపు, మంట, లాగడం అని ఎన్నో మాటలు. వాళ్ళకీ ఉన్నాయి: పొడుస్తున్నట్టుంటే ‘ష్టెషెంట్’, మండుతుంటే ‘బ్రెన్నెంట్’, లాగుతుంటే ‘త్సీయెంట్’. ఈ మూడూ ముందే నేర్చుకుని రండి.

“తెలుగువాళ్ళకి ఎక్కదు.” నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. మనవాళ్ళకి జర్మన్ కష్టమవుతున్నది ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం వల్ల. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి ఇంగ్లీషు వాక్యాన్ని మార్చి ‘ఇష్ బిన్ కాల్ట్’ అంటే, నేను మనసు లేని మనిషిని అన్నట్టు వినిపిస్తుంది. వాళ్ళు అనేది ‘మియర్ ఇస్ట్ కాల్ట్’. మియర్ అంటే ‘నాకు’. అచ్చం మన వాక్యమే! ‘నాకు నచ్చింది’ కూడా అంతే. నువ్వు, మీరు తేడా ‘డూ’, ‘జీ’ల్లో ఉంది. ‘ఎందుకంటే’ అని మొదలైన వాక్యంలో క్రియ మనలాగే చివరికి పోతుంది. చూడగానే భయపెట్టే ‘క్రాంకెన్‌ఫెర్‌జిషెరుంగ్’ని విడదీస్తే రోగుల యొక్క బీమా, బడిలో చదివిన షష్ఠీ తత్పురుషమే. చివరికి అమ్మాయి అనే మాట కూడా జర్మన్‌లో నపుంసక లింగం. ‘అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అనే మనకి అందులో వింతేముంది? పదం లింగాన్ని బట్టి ముందు వచ్చే ‘డేర్, డీ, డాస్’ మాత్రం పదంతో పాటు బట్టీ పట్టాల్సిందే, దానికి దగ్గరదారి లేదు.

“అదే వస్తుంది.” రాదు. మనం తడబడగానే ఎదుటివాళ్ళు మర్యాదకి ఇంగ్లీషులోకి మారిపోతారు, ఇంటికొస్తే రూమ్‌లో తెలుగు. ప్రభుత్వం కొత్తవాళ్ళకి నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో బి1 చేరడానికి మామూలుగా 45 నిమిషాల పాఠాలు 600 పెట్టారు. యాప్‌లో రోజుకి పది నిమిషాల చొప్పున అంత సమయం పూర్తవ్వాలంటే ఏడేళ్ళు దాటుతుంది. దాదాపు ప్రతి ఊళ్ళోనూ ‘ఫోల్క్స్‌హోఖ్‌షూలె’ (పెద్దవాళ్ళ కోసం నడిపే ప్రజా విద్యాకేంద్రం) ఉంటుంది, అక్కడ ఫీజు ప్రైవేటు కోచింగుల కన్నా తక్కువే. వచ్చిన నెలలోనే చేరండి.

మాట్లాడే అవకాశం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మనం ఇంట్లో లేకపోతే పార్శిల్ పక్కింట్లో ఇచ్చి, డబ్బాలో చీటీ వేసి పోతారు. ‘హాబెన్ జీ మైన్ పకేట్?’ (నా పార్శిల్ మీ దగ్గరుందా?) అని అడగడానికి మూడు సాయంత్రాలు సాధన చేసి మా కింది అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టాను. ఆవిడ ఇంగ్లీషులోకి మారబోతే ‘ఔఫ్ డాయిచ్, బిట్టె’ (దయచేసి జర్మన్‌లో) అన్నాను. ఆ రోజు నుంచి నాతో నిదానంగా, జర్మన్‌లోనే మాట్లాడుతోంది.