కూతురి కష్టార్జితంపై కన్నతల్లికి హక్కు లేదా?

పిల్లలు లేని వివాహిత వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆమె సొంత జీతంతో కూడబెట్టిన డబ్బూ, తన పేరున కొనుక్కున్న ఇల్లూ భర్తకు పోతాయి. భర్త అప్పటికే లేకపోతే భర్త వారసులకు పోతాయి. అంటే ముందు అత్తగారు, ఆమె లేకుంటే మామగారు, ఆ తర్వాత బావలు, మరుదులు, ఆడపడుచులు, వారి పిల్లలు. ఆ వైపు దూరపు చుట్టం ఒక్కరు మిగిలి ఉన్నా కన్నతల్లి దాకా పైసా రాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతున్నది ఇదే. ఏడు దశాబ్దాలుగా ఈ దేశం దీన్ని భరిస్తూ వస్తోంది.

ఈ సెక్షన్ చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న 2025లో మరోసారి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నవంబరులో ధర్మాసనం ఆ ప్రశ్నను తేల్చకుండా పక్కన పెట్టింది. మహిళలంతా, ముఖ్యంగా హిందూ మహిళలు, వీలునామాలు రాసి పెట్టుకోవాలని విజ్ఞప్తి చేసింది. పుట్టింటివారు ఆస్తి కోరే వివాదాలు కోర్టుకు వచ్చే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలని చెప్పింది. సలహా మంచిదే, కాదనం. అయితే సలహా ఇచ్చినంత మాత్రాన చట్టంలోని అన్యాయం మాసిపోదు. దీన్ని సాకుగా చూపి కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు చేతులు దులుపుకోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

అదే ఇంట్లో కొడుకు విషయం చూడండి. పెళ్లయి, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా అతను చనిపోతే భార్యకు సగం, తల్లికి సగం. చట్టం తల్లిని మొదటి తరగతి వారసుల్లోనే కూర్చోబెట్టింది. అతను ఏ కాగితమూ రాయనక్కర్లేదు, ఎవరూ అతనికి ముందుజాగ్రత్తలు చెప్పనక్కర్లేదు. కూతురి దగ్గరికి వచ్చేసరికి తల్లి పేరు భర్త వారసుల జాబితా మొత్తం అయిపోయాక గానీ రాదు. నవమాసాలు మోసిన తల్లి కొడుక్కి వారసురాలు, కూతురికి కాదు. చట్టం ముందు అందరూ సమానమని రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో ఇంతకు మించిన రెండు నాల్కల ధోరణి ఉంటుందా?

ఇది పుస్తకాల్లో మిగిలిన ఊహాగానమేమీ కాదు. 2009లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన ఒక కేసు ఉంది. పెళ్లయిన మూడు నెలలకే భర్త చనిపోతే అత్తింటివారు ఆమెను వెళ్లగొట్టారు. పుట్టింటివారు చేరదీశారు, చదివించారు. ఆమె ఉద్యోగం సంపాదించింది, తన కాళ్ల మీద తాను నిలబడింది. 1996లో వీలునామా లేకుండా కన్నుమూసింది. బ్యాంకు ఖాతాల్లోని సొమ్ము, ప్రావిడెంట్ ఫండ్ ఎవరికి చేరాలి? ముందు తల్లి, తర్వాత సోదరులు అడిగారు. గెలిచింది భర్త సోదరి కొడుకులు. ఆమెను గడప దాటించిన ఇంటివారికే ఆమె జీవితకాలపు సంపాదన దక్కింది. సానుభూతితో చట్టాన్ని మార్చలేమని కోర్టు చెప్పింది. కోర్టు మార్చలేకపోవచ్చు. మార్చగలిగిన పార్లమెంటు ఆ తీర్పు వచ్చాక కూడా కదలలేదు.

బ్యాంకు కౌంటరు దగ్గర ఈ అన్యాయం ఎలా ఉంటుందో ఆ పరిస్థితిలో పడ్డ తల్లిదండ్రులకు తెలుసు. చేతిలో కూతురి పాస్‌బుక్, మరణ ధ్రువీకరణ పత్రం. ఖాతా పెళ్లికి ముందు తెరిచిందే, తొలి జీతం పడిందీ అందులోనే. నామినీ ఎవరూ లేరని గుమాస్తా చెబుతాడు. వారసుల సంతకాలు తెమ్మంటాడు. వారసులెవరని అడిగితే అల్లుడి పేరు, అతను లేకుంటే అతని తల్లి పేరు. మరి మా సంతకం? మీది అక్కర్లేదమ్మా అంటాడు. అతని తప్పేమీ లేదు, చట్టంలో ఉన్నదే చెబుతున్నాడు.

పోనీ నామినీగా అమ్మ పేరే రాసి ఉంటే గట్టెక్కినట్టేనా? అక్కడా భరోసా లేదు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే వ్యక్తే తప్ప సొంతదారు కాదని బీమా విషయంలో 1983లోనే సుప్రీంకోర్టు చెప్పింది. షేర్లకూ ఇదే వర్తిస్తుందని 2023 డిసెంబరులో తేల్చింది. 2015 సవరణతో జీవిత బీమాలో మాత్రం తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే సొమ్ము వారిదేనన్న రక్షణ వచ్చింది. బ్యాంకు డిపాజిట్‌కు ఆ రక్షణ లేదు. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చంటున్నారు. నలుగురిని పెట్టుకున్నా వారసులెవరో తేల్చేది 15వ సెక్షనే. తల్లి తీసుకున్న డబ్బును అల్లుడి తరఫు వారు దావా వేసి వెనక్కి రాబట్టుకోవచ్చు.

మన పల్లెల్లో మరింత బాధ కలిగించే సంగతి ఇంకోటి ఉంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేకపోతే, తండ్రి వారసులకే తిరిగి వెళ్తుందని ఇదే సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ మినహాయింపు వారసత్వంగా వచ్చిన దానికే. పసుపు కుంకుమ కింద తండ్రి దానపత్రం రాసిచ్చిన అరెకరమో ఎకరమో వారసత్వం కాదు, దానం. కాబట్టి అది ఆమె సొంత ఆస్తుల్లో కలిసి భర్త వారసుల వైపు వెళ్లిపోతుంది. బిడ్డకు కష్టకాలంలో ఆసరాగా ఉంటుందని తండ్రి రాసిచ్చిన పొలం, బిడ్డ పోయాక ఆమె మరిది పేరున పాసుపుస్తకంలోకి ఎక్కుతుంది. దానపత్రం రాయించేటప్పుడు ఈ మాట ఎంతమంది తండ్రులకు చెప్పారు?

సెక్షన్‌ను సమర్థించేవారి వాదన తెలిసిందే. పెళ్లితో స్త్రీ మరో కుటుంబంలో చేరుతుంది, వేల ఏళ్ల సంప్రదాయాన్ని ఒక్క తీర్పుతో చెదరగొట్టకూడదు, 1956లో స్త్రీకి స్వార్జితం ఉంటుందని ఎవరూ ఊహించలేదు అంటారు. చివరి మాట నిజమే కావచ్చు. అదే నిజమైతే ఊహించని కాలం నాటి సెక్షన్‌ను ఇప్పటికీ పట్టుకు వేలాడటానికి కారణమేమిటి? కూతురు మరో కుటుంబానికి చెందిపోతుందన్న వాదనను 2005లో పార్లమెంటే తోసిపుచ్చింది. ఆ సవరణతో ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. పెళ్లయినా ఆ హక్కు పోదు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిపరిచింది. పుట్టింటి ఆస్తి తీసుకునేటప్పుడు ఆమె ఆ ఇంటి బిడ్డే. ఆమె ఆస్తి పంచేటప్పుడు మాత్రం ఆ ఇంటికి పరాయిది. ఒకే చట్టంలో ఈ రెండు నాల్కలు ఎలా కుదురుతాయి?

వరకట్న నిషేధ చట్టాన్నే చూడండి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అసహజంగా మరణిస్తే, పిల్లలు లేకపోతే, కట్నంగా ఇచ్చిన సొత్తు ఆమె తల్లిదండ్రులకే చేరాలని అందులో స్పష్టంగా ఉంది. అంటే అల్లుడికి ముట్టజెప్పిన సొమ్ము వెనక్కి వస్తుంది, కూతురు చెమటోడ్చి సంపాదించింది రాదు. భారత వారసత్వ చట్టం కింద క్రైస్తవ స్త్రీ ఆస్తికి, పురుషుడి ఆస్తికి పంపకంలో తేడా లేదు. ముస్లిం వారసత్వ నియమాల్లో తల్లికి వాటా ఎప్పుడూ తప్పదు. హిందూ స్త్రీ తల్లికే ఈ శిక్ష ఎందుకు?

ఇక వీలునామా సలహా. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో తాను సంతకం చేస్తే చాలు, స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వినడానికి సులువే. ముప్పై ఏళ్ల వయసులో, కొత్త కాపురంలో, భర్త పక్కన ఉండగా, తాను చచ్చాక తన డబ్బు అమ్మకు చెందాలని రాసే అమ్మాయిలు ఎందరుంటారు? రాసిన సంగతి తెలిస్తే ఆ ఇంట్లో ఆమె పరిస్థితి ఏమిటి? రాసినా, రేపు అత్తింటివారు అది దొంగ వీలునామా అంటే సాక్షిని కోర్టుకు తెచ్చి నిరూపించాల్సిన భారం కడుపుకోతలో ఉన్న తల్లిదండ్రుల మీదే పడుతుంది. కొడుకు తల్లికి చట్టమే ఇచ్చేదాన్ని, కూతురి తల్లికి కూతురు రహస్యంగా రాసి ఇవ్వాలట. మహిళలు వీలునామాలు తప్పక రాసుకోవాలి, ఈ రోజే రాసుకోవాలి. కానీ చట్టం చేసిన తప్పును సరిదిద్దే బాధ్యతను వారి నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఏం చేయాలో తెలియక ఆగిపోయారా అంటే అదీ లేదు. స్త్రీ స్వార్జితంలో భర్త వారసులతో పాటు పుట్టింటి వారసులకూ ఒకేసారి వాటా ఉండాలని లా కమిషన్ 2008లోనే తన 207వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయి? ఎన్ని మహిళా దినోత్సవాలు జరిగాయి? రెండు మూడు వాక్యాల సవరణకు ఎవరికీ తీరిక దొరకలేదు.

తెలుగు రాష్ట్రాల పాలకులకూ తప్పించుకునే దారి లేదు. వీలునామాలు, వారసత్వం కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని అంశాలు. రాష్ట్ర శాసనసభ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసింది అదే. కేంద్రం కంటే 20 ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇచ్చింది. ఆ ఘనతను వేదికల మీద చెప్పుకోవడానికి ఎప్పుడూ వెనకాడని పార్టీలు, 15వ సెక్షన్ సవరణకు రెండు శాసనసభల్లోనూ ఒక్క బిల్లు పెట్టడానికి ఎందుకు వెనకాడుతున్నాయి? కూతుళ్ల ఓట్లు కావాలి, కూతుళ్ల తల్లుల ఓట్లు కావాలి, వారి హక్కు మాత్రం అక్కర్లేదా? వచ్చే సమావేశాల్లో బిల్లు పెట్టండి. పెట్టలేకపోతే ఎందుకు పెట్టలేదో ఆ తల్లుల ముందు నిలబడి చెప్పండి.