రాదని కాదు, ఆలస్యంగా వస్తుందని

నాడీ వైద్య నిపుణురాలు సువర్ణ అల్లాడి బృందం పరిశోధన గురించి రాస్తూ, రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) దరిచేరదు అన్నారు మీరు ప్రచురించిన వ్యాసంలో. ఆ మాట ఒప్పుకోలేను. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో వారు చెప్పింది వేరు: ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలు వచ్చినవారిలో లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని. ఆ 648 మందీ డిమెన్షియా ఉన్నవారే, ఇక రాదనడానికి ఆధారం ఎక్కడిది? అసలు విలువైన సంగతిని వ్యాసం వదిలేసింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చినప్పుడు, అది భాషల వల్ల కాక వలస ప్రభావమో చదువు ప్రభావమో అని సందేహించారు. హైదరాబాద్ పరిశోధన దానికి గట్టి జవాబు. మా అత్తయ్య బడి ముఖం చూడలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ గలగలా మాట్లాడేవారు. డెబ్బై దాటాక ఆవిడకూ డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ వచ్చింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేవారు, పాలవాడికి డబ్బిచ్చిన కాసేపటికే మళ్లీ పర్సు తీసేవారు. ఇంత చక్కగా మాట్లాడే మనిషికి జబ్బేమిటని చుట్టాలు కొట్టిపారేయడంతో వైద్యుడి దగ్గరకు వెళ్లడం బాగా ఆలస్యమైంది. దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి, చదువురానివారి సంగతి కూడా చేర్చండి.