'సంతృప్తికరం' గారికి ఒక అసంతృప్తుడి లేఖ

మహారాజశ్రీ 'సంతృప్తికరం' గారికి,

హైదరాబాదు సనత్‌నగర్ నివాసి ఒకడు నమస్కరించి రాయునది. 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టడం మా ఇంటి ఆనవాయితీయే అయినా, పక్క గదిలో మా అమ్మ ఈ ఉదయం అప్పుడే రెండోసారి ఇన్‌హేలర్ అందుకున్నది గనుక, కుశలం ప్రస్తుతానికి మీ ఒక్కరికే చెందుతుందని మనవి.

అంకె పెరిగేకొద్దీ గాలి చెడినట్టు చెప్పే వాయు నాణ్యతా సూచీలో (ఏక్యూఐ) 51 నుంచి 100 వరకు ఉన్న అంకెలు మీ జాగీరు. ఫోన్ తెరవగానే లేతాకుపచ్చ రంగులో దర్శనమిస్తారు. ఆంగ్లంలో మీరు శాటిస్‌ఫ్యాక్టరీ గారు. పేరులోనే ఫ్యాక్టరీని పెట్టుకున్నవారు మా పారిశ్రామికవాడకు పరాయివారు కారు. అయితే 2014లో ఈ సూచీని ప్రకటించినప్పుడు మీ పేరుకు ఎదురుగా రాసిన ఆరోగ్య వివరణను మీరు ఎప్పుడైనా చదువుకున్నారా? సున్నితమైన వారికి ఊపిరి తీసుకోవడంలో స్వల్ప ఇబ్బంది కలగవచ్చునని అందులో ఉన్నది. అంటే మా అమ్మ ఆయాసపడటం మీ సంతృప్తికి భంగం కాదు, అందులో ఒక భాగమే.

వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని పీఎం 2.5 కణాలు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తాయి. అవి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల వరకు ఉన్నా మీ ముఖం చిట్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అదే హద్దును 15గా నిర్ణయించింది. ఏడాది సగటుకైతే వారిది 5, మన దేశానిది 40. భారతీయుడి ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివని ఎవరు తేల్చారో తెలిస్తే వారికి శాలువా కప్పాలని ఉన్నది.

ఎముకలు మాత్రం అంత గట్టివి కావేమో. మన నగర శివారులోని 28 గ్రామాలలో 3,717 మందిని పరిశీలించిన అధ్యయనమొకటి 2020లో వెలువడింది. అక్కడి వారికి సోకిన పీఎం 2.5 ఏడాది సగటు 32.8, అనగా మన 40కి లోపలే. అయినా కాలుష్యం ఎక్కువగా సోకిన వారిలో ఎముకల ఖనిజ సాంద్రత తక్కువగా కనిపించింది. ఒకే కాలపు పరిశీలన గనుక గాలే కారణమని దీనితో తేల్చలేమని మీ వకీలు అభ్యంతరం చెప్పకముందే నేను ఒప్పుకుంటున్నాను. కాని దగ్గు కోసం కిటికీ మూసుకునే నేను, ఇకపై మోకాళ్ల కోసం కూడా మూసుకోవాలా అన్న సందేహం మిగిలిపోయింది.

గాలిని పీల్చి, పట్టీ మీద దుమ్ము పట్టి, బీటా కిరణాలతో తూచి గంటగంటకూ లెక్క చెప్పే ఆ యంత్రం మీద నాకు ఏ కోపమూ లేదు. అది నిజాయితీగా తూస్తుంది. తూచిన దానికి పేరు పెట్టేది మీరు. దీపావళి రాత్రి పొగనైనా మిగిలిన గంటలలో కలిపి సగటు చేస్తే గాని ఆ పేరు తేలదు. పైగా ఆ యంత్రాలు జూపార్కులోనూ, కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, మా సనత్‌నగర్‌లోనూ నిలిచిన చోటనే నిలిచి ఉంటాయి; అమీర్‌పేట నుంచి మూసాపేట దాకా బస్సు పొగగొట్టం వెనకే సాగే ఆటో డ్రైవరు పక్కన ఒక్కటీ కూర్చోదు.

కనుక నా విన్నపం చిన్నది. హద్దులు మార్చమని అడగను. అందుకు కమిటీలు కావాలి, అవి కూర్చోవడానికి ఏసీ గదులు కావాలి. మీ పేరు ఒక్కటి మార్చుకోండి. 'సర్దుకుపోదగినది' అన్నది నా సూచన. మా వీధిలో అందరూ ఇప్పటికే ఆ పని చేస్తున్నారు గనుక ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇట్లు,
'సున్నితమైన వారు' అనే వర్గంలో చేరిన ఒకావిడ కుమారుడు