కత్తి పడితే చీర కట్టొచ్చు, గిటార్ పడితే కాటుక పెట్టకూడదా?

ఇప్పుడే మా అపార్ట్‌మెంట్ ఉగాది ప్రోగ్రామ్ నుంచి ఇంటికొచ్చాను. ఇంకా చీర కూడా మార్చుకోలేదు. ఇది రాసేస్తే గానీ నాకు అన్నం దిగదు.

మా అక్క కొడుకు ఇక్కడే బెంగళూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. శని, ఆదివారాల్లో ఫ్రెండ్స్‌తో కలిసి బ్యాండ్‌లో పాడతాడు, గిటార్ వాయిస్తాడు. ఎనభైల నాటి గ్లామ్ మెటల్, అంటే మగవాళ్ళు మేకప్ వేసుకుని జుట్టు రేపుకుని పాడే రాక్ పాటలంటే వాడికి ప్రాణం. ఆరడుగుల మనిషి, నిండా గడ్డం, జిమ్‌లో పెంచిన భుజాలు. స్టేజి ఎక్కే ముందు కళ్ళకు దట్టంగా కాటుక పెడతాడు, ఎడమచేతి గోళ్ళకు వెండిరంగు పాలిష్ వేస్తాడు. వాళ్ళమ్మ పెళ్ళినాటి పట్టుచీర మడతల దగ్గర చీలిపోతే, బాగున్నంత మేర కత్తిరించి మారతహళ్ళిలో టైలర్ చేత కోటు కుట్టించుకున్నాడు. వంగపండు రంగు కోటు, వీపు నిండా జరీ మామిడిపిందెలు. వాడు అది వేసుకుని గొంతెత్తి పాడుతుంటే చూడాలి. నాకైతే కళ్ళనీళ్ళు తిరుగుతాయి.

వాడేం అడిగి రాలేదు. "మన తెలుగు పిల్లాడు కదండీ, రెండు పాటలు పాడించండి" అని కల్చరల్ కమిటీ వాళ్ళే నా వెంటపడ్డారు. తీరా వాడు స్టేజి వెనక తీగలు సరిచూసుకుంటుంటే కమిటీ పెద్దమనిషి ఒకాయన తడి టిష్యూ పట్టుకొచ్చాడు. "ఆ కళ్ళవీ గోళ్ళవీ తుడిచేసుకో బాబూ. ఫ్యామిలీలు ఉన్నాయి. మగపిల్లాడివి, మగపిల్లాడిలా కనపడు." వాడు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే "పర్లేదు పిన్నీ, గొడవెందుకు" అని తుడుచుకున్నాడు. కాటుక తుడిస్తే పోతుందా? చెంపల దాకా పాకింది. గోళ్ళరంగు టిష్యూకి ఎక్కడ వస్తుంది? రాకపోయేసరికి, ఎడమచెయ్యి కాస్త జేబులో పెట్టుకోమన్నాడు ఆయన. గిటార్ వాయించేవాడికి ఆ సలహా! తీగలు నొక్కేదే ఆ చేత్తో!

వాడు పాడాడు. మామూలుగా పాడేదాంట్లో సగం కూడా పాడలేదు. కిందకి దిగేసరికే గ్రూపులో వాడి ఫోటో, దాని కింద పడీపడీ నవ్వే బొమ్మలు.

ఇది ఒక్కటే అయితే మింగి ఊరుకునేదాన్ని. వాడికంటే ముందు అదే స్టేజి మీద ఏం జరిగిందో చెబుతాను, వినండి. బి బ్లాక్‌లో ఉండే ఒక కుర్రాడు గంగమ్మ జాతర వేషం కట్టాడు. పట్టుచీర, చేతినిండా గాజులు, ముక్కుపుడక, మెడలో నిమ్మకాయల దండ, ఒంటికి నీలం రంగు, అచ్చం పుష్ప 2 సినిమాలో అల్లు అర్జున్ లాగే. బాగా చేశాడు, అతని మీద నాకు కోపం లేదు. కోపమల్లా ఈ టిష్యూ పెద్దమనిషి మీద. ముందు వరసలో నిలబడి ఈల వేసింది ఈయనే, ఫోన్‌లో మొత్తం వీడియో తీసింది ఈయనే, ఫస్ట్ ప్రైజ్ ఇచ్చిందీ ఈయనే. ఏమండీ, అప్పుడు లేరా ఫ్యామిలీలు? ఆ చీర, ఆ గాజులు, ఆ ముక్కుపుడక మగతనానికి అడ్డం రాలేదా? రెండు కళ్ళకు పెట్టిన కాటుక ఒక్కటే అడ్డం వచ్చిందా?

నాకు అర్థమైంది ఏమిటంటే, చీర కట్టినవాడు పదిమందిని నరికితే వీళ్ళకు ఇబ్బంది లేదు. చేతిలో కత్తి ఉంటే గాజులు కూడా హీరోయిజమే. అదే పిల్లాడు ఎవర్నీ కొట్టకుండా, తనకు నచ్చి కాస్త అలంకరించుకుని పాట పాడితే మాత్రం పెంపకం దాకా వెళ్ళిపోతారు. ఆ జాతర ఎందుకు చేస్తారో వీళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆడపిల్లల్ని చెరబట్టిన పాలెగాణ్ణి వేషాలు మార్చి మార్చి వెతికి చంపిన అమ్మవారి కథ అది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుని మగవాళ్ళు ఆడవేషం కట్టేది ఆవిడకి దణ్ణం పెట్టడానికి. ఆ భక్తిని పక్కకు నెట్టేసి నరుకుడు ఒక్కటే పట్టుకున్నారు.

పైగా ఉంటున్నది ఎక్కడ? బెంగళూరులో. ఉగాది వెళ్ళిన పదిహేను రోజులకు, చైత్ర పౌర్ణమి రాత్రి, తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఊరేగింపు బయల్దేరుతుంది. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో ఉంటూ, ఆ రాత్రి ట్రాఫిక్ ఆపేస్తారని తిట్టుకోవడం తప్ప ఒక్కసారైనా వెళ్ళి చూడని మనవాళ్ళు ఎందరో. వెళ్ళి చూడండి. కరగ మోసే పూజారి మగవాడు. ద్రౌపదిగా అలంకరించుకుంటాడు. భార్య తాళి తన మెడలో వేసుకుంటాడు, చేతులకు గాజులు తొడుక్కుంటాడు. తల మీద మల్లెపూలతో అలంకరించిన కుండ, అదే కరగ. చుట్టూ చొక్కాల్లేని వీరకుమారులు, తలపాగాలు, చేతుల్లో దూసిన కత్తులు. కరగ తూలితే ఆ కత్తులు పూజారి మీదే లేస్తాయని అంటారు. అంత బరువు తల మీద పెట్టుకుని తెల్లవార్లూ పాతపేట సందులన్నీ తిరుగుతాడు, దారిలో మస్తాన్ దర్గా దగ్గర కూడా ఆగి వెళ్తాడు. ఆయన దగ్గరకెళ్ళి తడి టిష్యూ ఇవ్వగలడా ఈ పెద్దమనిషి?

సరే, అది దేవుడి వ్యవహారం, పాటలు వేరు అంటారా? పాటల సంగతే చూద్దాం. 1955లో, అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళకు వేరే కుళాయి, వేరే బెంచీ ఉన్న రోజుల్లో, నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ ముఖానికి మేకప్ వేసుకుని, జుట్టు ఎత్తుగా దువ్వి, పియానో మీద విరుచుకుపడ్డాడు. రాక్ అండ్ రోల్‌కి ఆ అరుపు నేర్పినవాళ్ళలో ఆయన ముందుంటాడు. 1972లో ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బోవీ నారింజరంగు జుట్టుతో, రంగులేసిన ముఖంతో బీబీసీలో పాడితే ఒక తరం పిల్లలు టీవీలకు అతుక్కుపోయారు. అమెరికా గాయకుడు ప్రిన్స్ కుచ్చుల చొక్కా, హైహీల్స్ వేసుకునేవాడు. 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోనే వాయిద్యాలన్నీ తనే వాయించాడు. ఆయన గిటార్ పట్టుకుంటే పక్కన నిలబడటానికి ఎంత ధైర్యం కావాలి!

ట్విస్టెడ్ సిస్టర్ బ్యాండ్ గాయకుడు డీ స్నైడర్ సంగతి మావాడే నాకు చెప్పాడు. స్టేజి మీద ముఖం నిండా రంగులు, బుగ్గలకు గులాబి, భుజాల దాకా రేగిన జుట్టు. పాటలు పిల్లల్ని చెడగొడుతున్నాయని 1985 సెప్టెంబరు 19న అమెరికా సెనేట్ విచారణ పెడితే, అదే జుట్టుతో, చేతుల్లేని డెనిమ్ జాకెట్‌తో వెళ్ళి కూర్చుని తన పాటకు అర్థమేమిటో సెనేటర్ల ముఖం మీదే చెప్పి వచ్చాడు. మగతనం అంటే మీకు కావలసింది ధైర్యమే అయితే అదిగో ఉంది, చూసుకోండి. మెటల్ అనగానే గుర్తొచ్చే ఆ నల్ల లెదర్, ఇనుప మేకుల వేషాన్ని అందరికీ అలవాటు చేసింది జూడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్ఫోర్డ్. తాను గే అని 1998లో ఎంటీవీలో చెప్పాడు ఆయన. ఆ యూనిఫాం తొడుక్కునే ఇంకోణ్ణి వెక్కిరించేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

మా కమిటీలోనే ఇంకొకాయన ఉన్నాడు. 2012 డిసెంబరులో గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికా రాక్ బ్యాండ్ బెంగళూరు వచ్చినప్పుడు వెళ్ళిన కథ ఇప్పటికీ చెబుతాడు. ఇవాళ ఆయన కూడా నవ్వుతూ నిలబడ్డాడు. ఆ బ్యాండ్ గాయకుడు ఆక్సల్ రోజ్ 1987 నాటి ఫోటోలు తీసి చూసుకోండి సార్, ఆ రేపిన జుట్టు మీ వదినగారికైనా ఉందా?

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఎనభైల బ్యాండ్లన్నీ ముత్యాలని నేననను. లిప్‌స్టిక్ మా ఆడవాళ్ళది, జుట్టు మాది, పూల చొక్కాలు మావి. పాటల్లోనూ వీడియోల్లోనూ మాత్రం ఆడది బొమ్మ. కారు బానెట్ మీద పడుకోబెట్టే బొమ్మ. పాయిజన్ బ్యాండ్ 1986లో తెచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద నలుగురు మగవాళ్ళూ పెళ్ళికూతుళ్ళ కంటే ఎక్కువ మేకప్‌తో ఉంటారు. అంత మేకప్ వేసుకున్నవాళ్ళకు అది వేసుకునే మనిషి మీద ఇసుమంత గౌరవం ఉండొద్దా? ఈ మాట మావాడితో చాలాసార్లు పోట్లాడుతూ అన్నాను. వాడు ఒప్పుకుంటాడు. అందుకే వాడి పాటల్లో ఆ చెత్త ఉండదు. కాటుక తీసుకున్నాడు, కుళ్ళు వదిలేశాడు. మరి మన సినిమా పాటల్లో ఆ కుళ్ళు లేదా? ఇవాళే మూడో తరగతి ఆడపిల్లలు ఐటమ్ సాంగ్‌కి నడుములు తిప్పితే కమిటీ మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ పాటలో ఏం మాటలున్నాయో నేనిక్కడ రాయలేను. దానికి ఏ టిష్యూ తెచ్చారు?

మనకి ఇదంతా పైనుంచి ఊడిపడిందని మాత్రం అనకండి. పోతన సత్యభామ నరకాసురుడితో యుద్ధం చేస్తూ ఒక చూపు శత్రువు మీద, ఒక చూపు కృష్ణుడి మీద వేస్తుంది. అటు చూసినప్పుడు కనుబొమ ముడి, ఇటు చూసినప్పుడు చిరునవ్వు. వీరం, శృంగారం ఒక్క ముఖంలోనే. ఆ సత్యభామను కూచిపూడిలో తరతరాలుగా కట్టింది మగవాళ్ళు. తెర మీదుగా జడ బయటికి వేసి, నన్ను గెలవగలిగిన పండితుడుంటే రండి అని సవాలు చేసి మరీ ప్రవేశించేవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ నడక చూసి ఆడవాళ్ళే నేర్చుకున్నారు. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామగా పాడితే వన్స్‌మోర్‌లతో నాటకం ఆగిపోయేది. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అప్పట్లో జనం డబ్బులిచ్చి రికార్డులు కొనుక్కుని విన్న పాటలవి. ఇవాళ్టి హిట్లు ఎలాగో అవి అలాగే.

మా నాన్న కూడా సత్యభామ వేసేవాడు. తెనాలి దగ్గర మా ఊరు. పగలంతా వడ్లబస్తాలు మోసేవాడు, నాటకం ఉన్న రోజు సాయంత్రం మీసం తీసేసేవాడు. జింక్ పౌడర్ కొబ్బరినూనెలో కలిపి ముఖానికి పట్టించుకుని, అమ్మ సవరం పెట్టి జడ అల్లుతుంటే కదలకుండా కూర్చునేవాడు. బస్తాలు మోసి కాయలు కాసిన ఆ అరచేతుల మీద అమ్మ ఎర్రరంగు దిద్దేది. పెట్రోమాక్స్ వెలుతురులో ఆయన జడ విసిరి తిరిగితే మా వీధి వీధంతా లేచేది.

మర్నాడు పొద్దున్నే అదే వీధిలో మా పెదనాన్న అరుగు మీద కూర్చుని "వచ్చాడమ్మా ఆడంగి" అనేవాడు. సొంత తమ్ముణ్ణి, పదిమంది ముందు. నాటకం డబ్బులతో ఆయన ఎరువుల అప్పు తీర్చింది మా నాన్నే. అక్కకు బంగారం లాంటి సంబంధం వచ్చింది. అబ్బాయికి నచ్చింది, కట్నం మాటలు కూడా అయ్యాయి. పెదనాన్నే వాళ్ళింటికి వెళ్ళి "మా తమ్ముడు ఆడవేషాలేస్తాడు, ముందే చెబితే మంచిది కదా" అని చెప్పొచ్చాడు. సంబంధం పోయింది. నాన్న ఆ తర్వాత మీసం తియ్యలేదు. హార్మోనియం ఎవరికో ఇచ్చేశాడు. పద్యం నోటి దాకా వచ్చినా మింగేసేవాడు, నేను చూశాను. ఆ అక్క కొడుకే ఇవాళ కాటుక తుడుచుకున్నవాడు. తాతనీ చూడలేదు, తాత పాటా వినలేదు.

పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య వరస, మొన్న ఫేస్‌బుక్‌లో నాన్న సత్యభామ ఫోటో పెట్టాడు. "మా బాబాయి గొప్ప కళాకారుడు, మాది కళాకారుల వంశం" అని రాశాడు. వందల లైకులు. కింద చుట్టాలందరూ దణ్ణాలు పెడుతున్నారు, వాళ్ళలో సగం మంది ఆ రోజుల్లో అరుగు మీద నవ్వినవాళ్ళే.

అన్నయ్యా, నువ్విది చదువుతావని నాకు తెలుసు. ఆ ఫోటోలో నాన్న కట్టుకున్నది మా అమ్మ చీర. ఆ ఫోటో తీసేయ్. తీయనంటావా, అక్క సంబంధం ఎలా చెడిందో కూడా దాని కిందే రాయి. మీ నాన్న ఏ మాట అన్నాడో అక్షరం మార్చకుండా రాయి. నువ్వు రాయకపోతే నేను రాస్తాను, దణ్ణాలు పెట్టినవాళ్ళందరినీ ట్యాగ్ చేసి.