అంటు కింద లేచిన అడవి చిగురు గారికి

అయ్యా మొండి చిగురు గారూ,

నెల్లూరు మిద్దెల మీదా, ఒంగోలు ప్రహరీల పక్కనా మీకు జరుగుతున్న మర్యాదలు చూసి రాస్తున్నాం. కడియం నుంచి బండెక్కి వచ్చిన గులాబీ అంటు కింద, దానికి వేళ్ళిచ్చిన అడవి గులాబీ నుంచి మీరు లేస్తారు, చూస్తుండగానే మనిషెత్తు సాగుతారు. ఇంటివాళ్ళేమో ‘తీగ గులాబీ అబ్బయ్యా, ఎట్టా ఎగబాకతా ఉందో!’ అని మురిసిపోయి, మిమ్మల్ని రాధామనోహరం పక్కన గ్రిల్లుకి కట్టి పూటపూటకీ నీళ్ళు పోస్తున్నారు. పువ్వేదని అడిగే నాథుడు లేడు.

వేళ్ళు మీవే, కాదనం. మీ మీద అంటు కట్టించుకుని వచ్చిన గులాబీదే అద్దె బతుకు. కానీ దానికి దెబ్బ తగిలినప్పుడల్లా మీకు లాభమేంటండీ? రోహిణి కార్తెలో సిమెంటు మిద్దె సెగకి కొమ్మ మాడినా, అంటుకి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పక అది కాండాన్ని నొక్కేసినా, కలుపు తీస్తూ వేరుని గీరినా లేచేది మీరే. అంటు కట్టిన చోటుండే ముడిని మట్టిలో పూడ్చేవాళ్ళయితే మీకు మరీ ఆప్తులు, మీరెక్కణ్ణించి వచ్చారో కనపడనివ్వరు. ముడి మట్టికి 2 అంగుళాల పైన ఉంటే మీ గుట్టు బయటే.

ఈనెకి 7 చిట్టి ఆకులుంటే మీరనీ, 5 ఉంటే గులాబీ అనీ ఒక లెక్క ఉంది. కొన్ని గులాబీలకీ 7 ఉంటాయి కాబట్టి ఆ లెక్క ఒక్కటే నమ్మలేం. లేచింది ముడికి కిందా, పైనా? అదే సాక్ష్యం.

మిమ్మల్ని మట్టి దగ్గర కత్తిరించడమంటే సన్మానం చేయడమే. మొదలు దగ్గర దాగిన చిగురు కళ్ళు మిగిలిపోయి, ఒకరికి నలుగురై వస్తారు. మట్టి తోడి, మీరు పుట్టిన చోటు దొరికేదాకా వెళ్ళి, కిందికి లాగి పెరకాలి. గాయానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు తెగులు మందుని ముద్దగా కలిపి పూయాలి.

ఇక గులాబీకి 12 అంగుళాల కుండీ, 2 పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు పెన్న ఇసుక, పిడికెడు వేపపిండి. మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో సముద్రపు ఇసుక తెచ్చేవాళ్ళు మాత్రం గులాబీని ఊరగాయ పెడుతున్నట్టే.

రాధామనోహరం మీలా కాదు, పని చేస్తుంది. పడమటి గ్రిల్లుకి పాకిస్తే సాయంత్రపు ఎండని తానే అడ్డుకుంటుంది, గులాబీకి పొద్దుటి ఎండ మిగులుతుంది. పైగా తెల్లగా విచ్చిన పూలు గులాబీ రంగుకీ, ఆపైన ఎరుపుకీ తిరుగుతాయి. పక్కన నీలానికి శంఖుపుష్పం, గింజలు ఒక రాత్రి నానేస్తే చాలు.

అసలైన తీగ గులాబీ దొరికితే కొమ్మని నిటారుగా వదలకుండా అడ్డంగా వంచి, నూలు పీలికతో వదులుగా కట్టాలి. కణుపు కణుపుకీ పూకొమ్మ లేస్తుంది. మిమ్మల్ని ఎటు వంచినా ముళ్ళేగా!

ఇట్లు,
కత్తెర పక్కన పెట్టి, చేతికి గోనెపట్ట చుట్టుకున్న
మిద్దెతోట వాళ్ళం