అడిగే సభ్యుడు లేని నగరం

శ్రీకాకుళం పురపాలక సంఘం చివరి పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2015లో పట్టణం నగరపాలక సంస్థ అయింది గానీ, శివారు పంచాయతీల విలీనం చిక్కుముడి తెగక ఎన్నికలు వాయిదా పడుతూ, ఒకటిన్నర దశాబ్దం ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల ఏలుబడిలోనే గడిచిపోయింది. పక్కనున్న విజయనగరం 2021లో 50 డివిజన్లకు కార్పొరేటర్లను ఎన్నుకుంది. పురపాలక సంస్థ గడువు అయిదేళ్లకు మించరాదనీ, అది తీరేలోపే ఎన్నిక పూర్తి కావాలనీ రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది.

పనులు జరుగుతూనే ఉన్నాయి కదా, కార్పొరేటర్ లేకుంటే ఏం పోయిందని చాలామంది అడుగుతారు. ఏడురోడ్ల కూడలిలో దీపాలు వెలుగుతున్నాయి, చెత్త బండి వస్తోంది. నిజమే, కౌన్సిల్ ఉన్నా కాలువ తీయించేది అధికారులే. కార్పొరేటర్ పని వేరు: బడ్జెట్‌ను చర్చించి ఆమోదించడం, ఖర్చులు నిలదీయడం, అన్నిటికీ మించి తన డివిజన్ తరఫున అడిగిన ప్రశ్ననూ దానికి అధికారి ఇచ్చిన జవాబునూ సమావేశం నమోదు పత్రమైన మినిట్స్‌లోకి ఎక్కించడం.

గత వానాకాలంలో మా వీధి చివరి కల్వర్టు పూడిపోయి మురుగు ఇళ్ల గుమ్మాల దాకా వచ్చింది. ఫిర్యాదు చేశాం. మూడో రోజున ‘పరిష్కరించాం’ అని ఫోన్‌కు సందేశం వచ్చింది. పూడిక మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ సందేశం పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కాలో వీధిలో ఒక్కరికీ తెలియలేదు. ఓట్లడిగి గెలిచిన మనిషి ఉంటే కనీసం ఆయన ఇంటికి వెళ్లేవాళ్లం.

పన్నుల సంగతి ఇంతకంటే బరువైనది. 2021లో ఆస్తి పన్ను లెక్క అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే ఆస్తి మొత్తం ధరకు, మారినప్పుడు, రాష్ట్ర చట్టాన్ని మార్చే శక్తి ఏ కౌన్సిల్‌కూ లేకపోయినా, ఆ భారం గురించి సభలో మాట్లాడే అవకాశం విజయనగరానికి దక్కింది, మనకు దక్కలేదు. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాన్ని ప్రత్యేకాధికారి ఒక్క సంతకంతో చేసే చోట వ్యతిరేక ఓటుకు తావే ఉండదు.

ఎన్నిక జరిగితే అన్నీ చక్కబడతాయని నేను అనను. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలకు కేటాయించినా, గెలిచిన ఆమెకు బదులు భర్త పెత్తనం చేయడం చూస్తూనే ఉన్నాం. అయినా ఆ పెత్తనాన్ని ప్రశ్నించడానికైనా ముందు ఆమె సభలో కూర్చోవాలి. విలీనం లెక్క తేల్చి, డివిజన్ల హద్దులు గీసి, ఎన్నికల తేదీ ప్రకటించాలి. మా కల్వర్టు మొదటి సమావేశం ఎజెండాలో ఉండాలి.