అలమారాలోని ఆకుపచ్చ గుడ్డలకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆకుపచ్చ గుడ్డలవారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఇక్కడ నేనేం కుశలంగా లేను. రెండో అరలో మీరు 31 మందీ మడత నలగకుండా ఉన్నారని రోజూ తలుపు తీసి చూస్తూనే ఉన్నాను, వేరే అడగక్కర్లేదు.

విషయానికొస్తాను. ముందు చెరువు, దాని అవతల ఒకదాని వెనక ఒకటిగా ఐదు కొండలు ఉన్న ఒక ఫోటో చూసి ఆర్ట్ క్విల్ట్, అంటే గుడ్డముక్కలతో బొమ్మ కట్టి గోడకు వేలాడదీసే బొంత, కుడదామని కూర్చున్నాను. కొండలంటే పచ్చదనం, పచ్చదనమంటే మీరు, ఇంక కొరతేముంది అనుకున్నాను. చిలకపచ్చ, నాచుపచ్చ, బాటిల్ గ్రీన్, మెహందీ రంగు, ఆకుల ప్రింటు, ఆకుల్లోంచి మళ్లీ ఆకులొచ్చే ప్రింటు. మీలో ఒక్కొక్కరినీ "ఇలాంటిది నా దగ్గర లేదు" అని ఒట్టేసుకుని మరీ కొన్నాను. ఇప్పుడు వరసగా పరిచి చూస్తే కన్నతల్లి కూడా మిమ్మల్ని పోల్చుకోలేదు.

కొండలు కత్తిరించి, గోడకు పిన్నులతో గుచ్చి, పది అడుగులు వెనక్కి వచ్చి చూశాను. కొండలు లేవు. మా అమ్మాయి అటుగా వెళ్తూ ఆగి, "గడ్డి మీద గడ్డి ఎందుకు కుడుతున్నావమ్మా?" అంది. ఊరుకోకుండా ఫోనుతో ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి నా ముందు పెట్టింది. ఐదు కొండలూ కలిసి ఒకటే బూడిదరంగు ముద్ద.

అప్పుడు బయటపడింది మీ గుట్టు. పేర్లు 31 ఉన్నా, ముదురు లేతల లెక్కకొచ్చేసరికి మీరంతా మధ్యతరగతే. బాటిల్ గ్రీన్ ఒక్కడు తప్ప నిజంగా ముదురు లేడు. నిజంగా లేత అసలే లేడు. ఒకరితో ఒకరికి తగవు రాకుండా అందరూ వచ్చి మధ్యలో కూర్చున్నారు. కొట్లో అంత ముచ్చటగా కనబడేది అందుకే కాబోలు.

తప్పంతా మీదే అనను. (ఉత్తరం మొదలుపెట్టినప్పుడు అందామనే ఉంది.) దూరపు కొండలు నునుపు అని చిన్నప్పటి నుంచీ వింటున్న మనిషిని, అన్నిటికన్నా దూరపు కొండకే ఆకుల ప్రింటు వేశాను. మైళ్ల అవతల ఉన్న కొండ మీద ఒక్కో ఆకూ ఈనెలతో సహా కనిపిస్తోంది. ఆ లెక్కన ఒక్కో ఆకు ఫుట్‌బాల్ మైదానమంత ఉండాలి. సామెత చేసినవాళ్లూ సగమే చెప్పారు లెండి. దూరపు కొండలు నునుపే కాదు, లేత కూడా, నీలం కూడా. మనకీ కొండకీ మధ్య ఉన్న గాలి వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ నీలపు పొర మందమై కొండ రంగును మింగేస్తుంది. గాలిలో దుమ్మూ తేమా ఉంటే ఇంకా పాలిపోతుంది. లియొనార్డో డావిన్చి దాదాపు 500 ఏళ్ల కిందటే దీన్ని తన నోట్సులో రాసుకున్నాడు. నేనేమో ఫోటో ఎదురుగా పెట్టుకుని, నీలంగా కనబడుతున్న కొండకి పచ్చ గుడ్డ కోశాను. కొండ మీద చెట్లుంటాయి కదా అని!

ఇదే మంచం మీద బొంతయితే చెల్లిపోయేది. కప్పుకుని నిద్రపోయేవాడికి ముదురేమిటి, లేతేమిటి? 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత బొంతల్ని పెయింటింగుల్లా గోడకు వేలాడదీసింది. ఇక నాలాంటివాళ్లకు మంచం ఎక్కడ ఆనుతుంది? గోడెక్కిన బొంతను గది అవతలి నుంచి చూస్తారు. అక్కడికి మీ ఈనెలూ కనబడవు, నా కుట్లూ కనబడవు.

చివరికి దారి చూపించింది మీలో ఒకడే, అదీ పొరపాటున. నాచుపచ్చ ప్రింటు ముక్క చేతిలోంచి జారి బోర్లా పడింది. వెనకవైపుకు రంగు సరిగ్గా దిగలేదు. పొగ పట్టినట్టు పాలిపోయి, ప్రింటు గీతలు మసగ్గా, అచ్చం నాలుగో కొండ! 31 మందిలో తిరగబడ్డవాడే పనికొచ్చాడు. ఆ ఊపులో అందర్నీ తిరగేశాను. ప్రింటు గుడ్డల్లో ఇద్దరు ముగ్గురు లొంగారు. బాటిక్‌లు మాత్రం రంగులో మునిగి తేలినవాళ్లు, ఎటు తిప్పినా ఒకటే ముఖం. మంచి గుణమే, కొండకు పనికిరాదు.

ఐదో కొండకి మీ వంశంలో ఎవరూ చాలలేదు. బూడిద కలిసిన నీలంలో ఒక పాత చొక్కా ఉంటే తెగ్గోశాను. చొక్కా సొంతదారు ఇంకా వెతుకుతున్నారు, మీరు నోరు మెదపకండి.

మూడో కొండ ఎడమకు వాలాలి. ముక్కల్ని ఇస్త్రీతో అతికించే జిగురు కాగితం గుడ్డ వెనకవైపు అంటుకుంటుంది కాబట్టి దాని మీద బొమ్మను అద్దంలోలాగా తిరగేసి గీయాలి. గీయలేదు. ఇస్త్రీ చేశాక చూస్తే కొండ కుడికి వాలింది. అభ్యంతరముంటే ఆ కొండనే వచ్చి చెప్పమనండి.

కుట్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. గుడ్డను ముందుకు లాగే మెషిన్ పళ్లు దించి, పైన బొమ్మ, మధ్యలో దూది, అడుగున అస్తరు, ఈ మూడు పొరలనూ చేత్తో నడుపుతూ కొండవాలు వెంట గీతలు కుడుతుంటే అడుగున దారం పిచ్చుకగూడు కట్టింది. అరగంట అడుగుదారం ఉండే బాబిన్‌ను తిట్టాను. తీరా చూస్తే, గుడ్డను నొక్కిపట్టే మెషిన్ పాదం దించి ఉండగా పైదారం ఎక్కించాను, అది దారాన్ని బిగించే టెన్షన్ పలకల మధ్యకు దిగనే లేదు. మెషిన్‌కు లేని టెన్షనంతా నాకే.

ఇక మీ ఉద్యోగాల విషయం. బాటిల్ గ్రీన్‌కు చెరువు ముందరి గట్టు ఖాయం. ఆకుల ప్రింటును కొండ మీంచి దించి గట్టు పక్కన పొదలో వేశాను, దగ్గరగానే ఉంది కాబట్టి ఈనెలు ఎంతసేపైనా చూపించుకోవచ్చు. మిగతావాళ్లకు ప్రస్తుతం ఖాళీల్లేవు. వెనక అస్తరుకు ఇద్దరు కావాలి. ముఖం ఎప్పుడూ గోడ వైపే ఉంటుంది, ఇష్టమైనవాళ్లు చెప్పండి.

ఇట్లు,
మిమ్మల్ని పోషిస్తున్న మనిషి

తా.క.: నిన్న ఇంకో పచ్చ ముక్క కొన్నాను. ఇలాంటిది నా దగ్గర లేదు. బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకా చూడలేదు. కాస్త సర్దుకుని చోటివ్వండి.